వర్గములకు వరుస నిర్ణయింపవలసినది మనమే

సంఖ్యలకు సహజమైన వరుస కలదు. అయిదు తరువాత ఆరు వచ్చునని యెవరును యంత్రమునకు బోధింపనక్కరలేదు. పేర్ల సంగతి అట్లు కాదు. ‘అధమము, మధ్యమము, ఉత్తమము’ అను మూడు మాటలకును వరుస యున్నది. కాని యది అక్షరములలో లేదు, అర్థములో నున్నది. అర్థము నెరుగని యంత్రము అక్షరములనే చూచును. కావున వర్గములకు వరుస నిర్ణయించు భారమును యంత్రముపై వదలక మనుష్యుడే వహింపవలెనని నా యభిప్రాయము.

న్యూజిలాండు దేశమందలి ఆక్లండు విశ్వవిద్యాలయమున 1990వ దశకములో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను వారలు ‘ఆర్’ అను గణాంకభాషను రూపొందించిరి. ఉచితముగా లభించు ఈ భాష నేడు లోకమంతట వాడుకలో నున్నది. వర్గముల పేర్లతో కూడిన సమాచారమును ఇది ‘ఫ్యాక్టర్’ అనియు, అందలి యొక్కొక్క వర్గమును ‘లెవెల్’ అనియు వ్యవహరించును. మనమేమియు చెప్పకున్నచో ఆ పేర్లను అకారాదిక్రమమున పేర్చును. అప్పుడు పై మూడు మాటలును ‘అధమము, ఉత్తమము, మధ్యమము’ అగును. ఉత్తమము నడుమ నిలుచును! చాంద్రమాసముల నిచ్చినచో సంవత్సరము ఆశ్వయుజముతో ఆరంభమై శ్రావణముతో ముగియును. ఆ వరుసలో నెలవారీ వర్షపాతపు పటము గీచినచో శ్రావణ భాద్రపదములు విడిపోయి, వానకాలమెప్పుడు వచ్చి యెప్పుడు పోయెనో తెలియకుండును.

అకారాదిక్రమము నిష్పక్షపాతమైనది గదా యని కొందరందురు. నిఘంటువునకును హాజరుపట్టికకును అది తగినదే. అచ్చట మనము వెదకునది పేరు. గణాంకములలో వెదకునది పోలిక. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మాతృభాషగా హిందీని 52.8 కోట్లమంది, బెంగాలీని 9.7 కోట్లమంది, మరాఠీని 8.3 కోట్లమంది, తెలుగును 8.1 కోట్లమంది, తమిళమును 6.9 కోట్లమంది చెప్పిరి. ఈ యయిదింటిని అకారాదిగా పేర్చినచో తెలుగునకును మరాఠీకిని నడుమ బెంగాలీ అడ్డు నిలుచును. సంఖ్యానుసారముగా పేర్చినచో అవి రెండును ప్రక్కప్రక్కన నిలిచి, వాని నడుమ నున్న స్వల్పభేదము స్పష్టపడును. 2001లో మూడవదిగా నున్న తెలుగు 2011 నాటికి నాల్గవదైన సంగతియు ఒక్క చూపున తెలియును. పలుభాషల నడుమ జీవించు మనకిది యుపేక్షింపదగిన విషయము కాదు.

మరియొక చిక్కు కలదు. రిగ్రెషన్ అను లెక్కలో మొదటి వర్గము కొలబద్దయై, తక్కినవి దానితో పోల్చబడును. కన్నడము, తమిళము, తెలుగు మాతృభాషలుగా గల పిల్లల మార్కులను పరిశీలించినచో, కన్నడము అక్షరక్రమమున ముందుండుటచేతనే ప్రమాణమగును. మిగిలినవారు ‘ఇంత హెచ్చు, ఇంత తగ్గు’ అని మాత్రమే కనబడుదురు. లెక్క తప్పు కాదు. చదువరి చూపు మాత్రము మారును. తెలుగును ముందు నిలిపినను చిక్కు అదియే. కావున దేనిని, ఏ కారణముచే కొలబద్దగా గైకొంటిమో వ్రాసి చూపుట న్యాయము.

ఇందులకు సాధనములు ఆ భాషలోనే యున్నవి. ఫ్యాక్టరును నిర్మించునపుడే ‘లెవెల్స్’ అనుచోట మనకు వలసిన వరుసను వ్రాయవచ్చును. ‘రీలెవెల్’ కోరిన వర్గమును మొదటికి తెచ్చును. ‘రీఆర్డర్’ వేరొక సంఖ్య ననుసరించి వర్గములను పేర్చును. అయితే ఒక జాగ్రత్త అవసరము. సిద్ధమైయున్న ఫ్యాక్టరు లెవెళ్లపై క్రొత్త వరుసను నేరుగా వ్రాసినచో వరుస మారదు, పేర్లే మారును. ఉత్తమశ్రేణివారందరును మధ్యములగుదురు, మధ్యములు ఉత్తములగుదురు! యంత్రము చిన్న హెచ్చరికయైనను చేయదు. వరుసలో వ్రాసిన పేరున అక్షరదోషమున్నను, ఆ వర్గమువారందరును పలుకక ‘లేనివారు’గా మారిపోదురు. కావున వరుస మార్చుటకు ముందును పిమ్మటను ఒక్కొక్క వర్గమున నెందరున్నారో లెక్కించి సరిచూచుకొనవలెను.

యంత్రము వేగముగా పేర్చగలదు. ఏది ముందో, ఏది వెనుకో చెప్పజాలదు. విద్యార్థులు పటము గీయకముందే ఆ వరుసను కాగితముపై వ్రాసికొని, దానికి కారణమును గూడ క్రింద వ్రాయుట అలవరచుకొందురు గాక.