మా యింటి పద్దు: దొంగలు వదిలిన బండి

పోయిన నెల నా పద్దు రాలేదేమని యిద్దరు ముగ్గురు పాఠకులు కార్యదర్శిగారిని అడిగినారట. అడిగినవారికి నమస్కారములు. రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. పోయిన నెలంతా నేను బస్సులో నిలబడి ఆఫీసుకు పోయి వస్తిని. రాత్రి అన్నం తిన్న తరువాత కలం పట్టే ఓపిక మిగలలేదు. మా మోటారు సైకిలును దొంగలు యెత్తుకొనిపోయినారు. పదకొండు రోజులకు దొరికినది. దానిని మళ్ళీ రోడ్డు మీదికి తెచ్చిన వివరమే యీ నెల పద్దు.

బండి గొప్పదేమీ కాదు. 2010లో కొన్న స్ప్లెండరు. అప్పటికి హీరో, హోండా కంపెనీలు రెండూ యింకా కలిసే వున్నవి. మోక నుంచి బళ్ళారి ఆఫీసుకు యిరవై కిలోమీటర్లు పోవడానికి, అంతే దూరం రావడానికి, నెలకు రెండుసార్లు మా అమ్మను ఆసుపత్రికి తీసుకొనిపోవడానికి అదే ఆధారం. మా ఆవిడకు, పాపకు 2023 జూన్ నుంచి బస్సులో టికెట్టు లేదు గనుక వారికి చింత లేదు. నాకు టికెట్టు వున్నది, సీటు లేదు. మోకాళ్ళ నొప్పుల ముసలామెను ఆ రద్దీలో నిలబెట్టలేను గదా! కొత్తది కొనవలెనంటే ముప్పావు లక్ష మాట. మా యింట అప్పుడు చేతిలో వున్నది యేడు వేల రూపాయలు. అదీ పాప పీయూసీ ఫీజు రెండవ కంతుకని పక్కన పెట్టినది. కాలేజీవారు నెలాఖరు దాకా గడువిచ్చినందున ముందు బండికి వాడి, జీతం రాగానే పూడ్చవచ్చునని లెక్క వేసుకొన్నాను.

ఇన్సూరెన్సు లేదా అని మీరు అడుగుతారు. వున్నది, కాని యెదుటివానికి మాత్రమే. 2022లో పెట్టిన రేటు ప్రకారం మా బండి తరగతికి థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పైన పన్ను. చట్టం అడిగేది అంతవరకే. యింకొక కొన్ని వందలు కట్టివుంటే దొంగతనమూ, డామేజీ రెండూ పాలసీలో చేరివుండేవి. పాత బండిని యెవరు యెత్తుకొనిపోతారులే అని నేనే మానుకొన్నాను. దొంగలకు పాత బండ్లే యిష్టమని తరువాత తెలిసినది. పాత స్ప్లెండర్లు లెక్కలేనన్ని తిరుగుతున్నవి గనుక, విడదీసి అమ్మితే ప్రతి ముక్కకూ గిరాకీ వున్నదట.

మోక గురించి దూరపు పాఠకులకు వొక మాట. మాకు హగరి యేరు వొక పక్క. నాలుగు అడుగులు వేస్తే ఆంధ్ర సరిహద్దు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆలూరు, ఆదవాని, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి. బళ్ళారి తాలూకాతో మేము మైసూరులో వుండిపోయినాము. ఆ గీత మా పెండ్లి సంబంధాలకు యేనాడూ అడ్డం రాలేదు, దొంగలకూ అడ్డం రాలేదు. కాగితాలకు మాత్రం అడ్డం వచ్చినది. బండి పోయినది కర్నాటకంలో. దొరికినది ఆలూరు వైపు తుంగభద్ర కాలువ గట్టున, ముందు చక్రం నీళ్ళలో, వెనక చక్రం వొడ్డున. ఫిర్యాదు కన్నడంలో వున్నది. అక్కడివారు రాసిన పంచనామా తెలుగులో వున్నది. రెండు భాషలూ చదివే గుమాస్తాను గనుక ఇటు కాగితం అటువారికి, అటు కాగితం ఇటువారికి నేనే చదివి వినిపించవలసి వచ్చినది. నా మెట్రిక్యులేషన్ చదువు యిన్నాళ్ళకు వొక పనికి వచ్చినదని మా ఆవిడ అన్నది.

ఇక్కడ నేను నేర్చుకొన్న రెండు సంగతులు చెప్పి ముందుకు పోతాను. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం నేరం యెక్కడ జరిగినా, యే స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చును. నకలు ఉచితంగా యివ్వవలెను. ఆ నకలు భద్రంగా వుంచుకోండి. దొంగ మీ బండి మీద సిగ్నలు దాటితే చలానా మీ పేరునే వస్తుంది. రెండవది, దొరికిన బండి మెజిస్ట్రేటు ఆర్డరు మీదనే మన చేతికి వస్తుంది. అలాగని యేండ్ల తరబడి స్టేషను ఆవరణలో తుప్పు పట్టవలసిన పని లేదు. ఫొటోలు తీసి, బాండు రాయించుకొని త్వరగా సొంతదారుకు యిచ్చివేయవలెనని సుప్రీం కోర్టు 2002లోనే, గుజరాతుకు చెందిన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయి కేసులో చెప్పినది. అర్జీ, బాండు, వకీలు ఖర్చు కలిపి నాకు 1,500 అయినది. బండిని తెచ్చిన టాటా ఏస్ బాడుగ 700. యింకా వొక్క మర కూడా తిప్పకముందే 2,200 పోయినది.

మా మేస్త్రి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "సార్, మీరు గాని కిక్కు కొట్టినారా?" అని అడిగినాడు. లేదన్నాను. "బతికిపోయినారు" అన్నాడు. నీళ్ళలో పడిన యింజనును కిక్కు కొట్టడం కంటె పెద్ద తప్పు లేదట. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. సిలిండరులో నీరు వుండగా పిస్టను బలంగా పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అప్పుడు యింజను పని మొత్తం చేయించవలసినదే. అతను ముందు ప్లగ్గు విప్పి, కిక్కు రాడ్డును చేతితో మెల్లగా నొక్కినాడు. ప్లగ్గు రంధ్రం నుంచి నీళ్ళు చిమ్మినవి. కింది బోల్టు తీస్తే ఆయిలు మజ్జిగలాగ వచ్చినది. నీళ్ళు కలిసినదానికి అదే గుర్తు. చవక ఆయిలు పోసి, యింజనును కొన్ని నిమిషాలు నడిపి, అదీ పారబోసి, తరువాత మంచి ఆయిలు పోసినాడు. మొదటిది 260, రెండవది 400. రెండుసార్లు ఆయిలు దండుగ కాదా అని నేను సణిగితే, "కడిగిన నీళ్ళతోనే వంట చేస్తారా సార్?" అన్నాడు. పెట్రోలు ట్యాంకు, కార్బొరేటరు కూడా విప్పి కడిగి పెట్టినాడు. కొత్త ప్లగ్గు 95, ఎయిర్ ఫిల్టరు 170.

తాళం సంగతి వేరు. దొంగలు హాండిలును కాలితో తన్ని తాళం విరిచినారు. యిగ్నిషను కింద తీగలు కోసి మెలివేసినారు. ఫ్యూజు వుండవలసిన చోట వట్టి రాగి తీగ చుట్టినారు. బ్యాటరీ పోయినది. పక్క మూతలు రెండూ పోయినవి. చాసిస్ నంబరు మీద మాత్రం ఆకురాయి పెట్టలేదు. ఆ నంబరు గీకివుంటే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ యెన్నాళ్ళు తిరగవలసి వచ్చేదో!

మేస్త్రి మొత్తం వైరింగు మార్చుదామన్నాడు, 1,400 చెప్పినాడు. నేను ఆఫీసులో ఆడిటు చూచిన మనిషిని. ఏ తీగ చెడినదో ముందు చూపించమన్నాను. టెస్టు బల్బు పెట్టి వొక్కొక్క తీగే చూచినాము. కోసిన చోట తప్ప అన్నీ బాగున్నవి. కొత్త సాకెట్టూ, సరైన ఫ్యూజూ కలిపి 180తో సరిపోయినది. ఆ రాగి తీగను మాత్రం వొక్క రోజు కూడా వుంచవద్దని యెవరికైనా చెబుతాను. షార్టు అయితే ఫ్యూజు పోతుంది, పది రూపాయల నష్టం. రాగి తీగ పోదు, బండి అంటుకొంటుంది.

కాని హాండిలు దగ్గర నేను ఆదా చేయబోతే అతను వొప్పుకోలేదు. ముందు చక్రం పైకి లేపి ఫోర్కును ముందుకూ వెనక్కూ ఆడించినాడు. టకటక చప్పుడు. తన్నులకు కోన్ సెట్టు దెబ్బ తిన్నది. ఫోర్కు గొట్టాలు వంగినవేమోనని పక్కనున్న మంగలి అంగడి నుంచి వొక పాత అద్దం తెప్పించి, దాని మీద గొట్టాలను దొర్లించినాడు. వంపు వుంటే అద్దానికీ గొట్టానికీ మధ్య వెలుతురు కనబడుతుంది. మాకు కనబడలేదు. నాకు ఆ నెలలో కలిగిన మొదటి సంతోషం అదే. కోన్ సెట్టు 380, బ్రేకు షూలు 190, యిండికేటరు 140. ట్యాంకు నొక్కులు, గీతలు అట్లనే వుండనీ అన్నాను. నొక్కు వలన యెవరూ పడిపోరు.

తాళాల సెట్టు 720. యిగ్నిషనుకు వొకటి, ట్యాంకు మూతకు వొకటి చొప్పున చవకగా విడివిడిగా దొరుకుతవి గాని జేబులో రెండు తాళపు చెవులు మోసి, వొకటి పారవేసుకొనే మనిషిని నేను. బ్యాటరీ 1,150. దాని విషయంలో బేరం కుదరలేదు.

మిగిలినవి పక్క మూతలు. ఆ మూత వెనకనే బ్యాటరీ వుంటుంది. మూత లేకపోతే వానకూ, దొంగకూ యిద్దరికీ సౌకర్యమే. కొత్తవి జత 640. మా లెక్కలో అంత మిగలదు. "గుజరీ అంగట్లో నూటయాభైకి యిస్తారు" అని మేస్త్రి అంటే ఆదివారం బళ్ళారి పోయినాను. అంగటివాడు వొక గోనెసంచి విప్పి కుమ్మరించినాడు. అన్నీ స్ప్లెండరు మూతలే, నల్లవీ యెర్రవీ. మొదట మా మూతలేమైనా వున్నవా అని వెదికినాను. మా పాప చిన్నప్పుడు మేకుతో గీసిన పువ్వు వొకటి వున్నది మా దానిపైన. అవి లేవు. సరిగ్గా మా రంగుది, పగలని జత వొకటి దొరికినది. దాని మీద కన్నడ అక్షరాలతో 'తందె తాయి ఆశీర్వాద' అని స్టిక్కరు. సగం యెవరో గోటితో గీకి వదిలేసినారు. తల్లిదండ్రుల ఆశీర్వాదమని అంటించుకొన్నవాడు దానిని తానే గీకి, మూతలు మాత్రం యిక్కడ అమ్ముకొన్నాడా? యేమో, అమ్మి వుండవచ్చును. అన్ని పాత మూతలూ దొంగసొమ్మేనని అనలేను. బిల్లు యివ్వగలవా అని అడిగినాను. అతను నవ్వి, "నూటయాభై సరుకుకు బిల్లేమి సామీ, నూరిచ్చి తీసుకో" అన్నాడు. దొంగసొమ్మని తెలిసి గాని, అలా నమ్మడానికి తగిన కారణం వుండి గాని కొన్నవానికి కొత్త న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేండ్ల దాకా శిక్ష వున్నది. కాని నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు సెక్షను గుర్తుకు రాలేదు. జేబులో వున్న నూరు రూపాయలను రెండుసార్లు తడిమి చూచుకొన్నాను. అయిదు వందల నలభై ఆదా. అది పాప ఫీజులో కలుస్తుంది. చాలసేపు నిలబడి, వట్టి చేతులతో బస్సెక్కినాను.

యింటికి వచ్చి చెబితే మా ఆవిడ మెచ్చుకోలేదు. "నువ్వు కొనకపోతే వాడు వూరికే వుంటాడా? యింకొకడు కొంటాడు" అన్నది. కాసేపుండి, "అయినా వాండ్ల అమ్మానాయినల ఆశీర్వాదం మనకేల, తేలేదు గదా పోనీ" అన్నది. మా పెద్దవాడు అయిదు లీటర్ల ఆయిలు డబ్బా కోసి, కాచి వంచి, రంధ్రాలు చేసి తీగతో కట్టినాడు. పసుపుపచ్చని మూత. ఆఫీసులో మా హెడ్డు క్లార్కు దానిని చూచి, యీ మోడలు కొత్తగా వచ్చినదా అని అడిగినాడు.

మేస్త్రి కూలి 900. మొత్తం కూడండి: సామాన్లు 3,685, కూలి 900, బాడుగ 700, కోర్టు 1,500, వెరసి 6,785. చేతిలో 215 మిగిలినది. గొలుసు తాళం 350. తక్కువైన 135 మా ఆవిడ పోపుల డబ్బా నుంచి వచ్చినది. అది అప్పు కింద రాసుకొన్నాను, ఆమె కూడా రాసుకొన్నది. నెలాఖరులో జీతం రాగానే ఫీజు కట్టినాము. యీ నెల పాలవానికి బాకీ వున్నాము.

ఇప్పుడు రాత్రిపూట బండిని కిటికీ కడ్డీకి గొలుసు వేసి కట్టుతున్నాము. మొన్న అమ్మను ఆసుపత్రికి తీసుకొనిపోయి వస్తూ గుజరీ అంగడి ముందు ఆగినాను. అంగటివాడు గుర్తు పట్టి, నేను అడగకముందే, "అవి ఆ సాయంత్రమే పోయినవి సామీ" అన్నాడు.