పాటలు మావయ్యగారివి, దుమ్ము మనది

పాత వస్తువుల విషయంలో మన ఇళ్ళలో రెండు పార్టీలు ఉంటాయి. ఒకటి "జ్ఞాపకం, ముట్టుకోకండి" పార్టీ. రెండోది "చెత్త, పారేయండి" పార్టీ. చిత్రమేమిటంటే ఈ రెండు పార్టీల్లోనూ ఆ వస్తువును తుడిచేవాళ్ళు ఉండరు. తుడిచేవాళ్ళది మూడో పార్టీ. దానికి పని ఉంటుంది గానీ ఓటు ఉండదు. ఈ మాట ఊరికే అనడం లేదు. రెండు నెలలుగా మా ఇంట్లో గ్రామఫోను రికార్డుల మీద జరిగిన చర్చలన్నీ విని అంటున్నాను.

మా పాత ఇంటిని డెవలప్‌మెంటుకి ఇచ్చాం. కొత్త అపార్టుమెంటు లేచేదాకా రెండేళ్ళు అద్దె ఇంట్లో సర్దుకోవాలి. మంచాలు, బీరువాలు, గిన్నెల సంగతి రెండు రోజుల్లో తేలిపోయింది. తేలనిది హాల్లో కిటికీ పక్కనున్న టేకు అలమర. దాని నిండా మావయ్యగారి రికార్డులు. లెక్కపెడితే 264 ఉన్నాయి. 78 స్పీడు మీద తిరిగే బరువైన పాతకాలం రికార్డులు 158, ఎల్పీలు 85, చిన్న ఈపీలు 21. 78ల్లో కొన్ని ఆయన తండ్రిగారి నాటివి, నాటకాల సెట్లు. మిగతావన్నీ మావయ్యగారు 1962లో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఒక్కొక్కటిగా కొనుక్కున్నవి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఆ అలమర తలుపు తీసింది దుమ్ము దులపడానికే.

మావారు, "నాన్న పొదుపు చేసి కొన్నవి, ఎలా ఇచ్చేస్తాం?" అన్నారు. డల్లాస్‌లో ఉన్న మా మరిది ఫోన్లో, "వదినా, ఒక్కటి కూడా తీయొద్దు, అది మన వారసత్వం" అన్నాడు. మా అమ్మాయి, "అమ్మా, అవన్నీ ఫోన్లో ఉన్నాయి, నువ్వెందుకు ఆయాసపడతావు?" అంది.

మరిదితో నేను ఒక్కటే అన్నాను. "సరే నాయనా, సగం నువ్వు పట్టుకెళ్ళు. విమానంలో ఒక పెట్టెకి 23 కిలోలు ఇస్తారుగా. అట్టతో కలిపి ఒక ఎల్పీ పావు కిలో దాకా తూగుతుంది. ఎల్పీలన్నీ ఒక్క పెట్టెలో పట్టేస్తాయి" అని. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "కస్టమ్స్‌లో ఏమంటారో వదినా" అన్నాడు. చూశారా, వారసత్వం మన హాల్లో ఉన్నంతసేపే తేలిక!

ఇక్కడ ఒక విషయం మీ అందరితో చెప్పాలి. మా అత్తయ్యగారి కాపురంలో రెండు ఇత్తడి గంగాళాలు, ఒక రాగి కాగు, పుట్టింటివారు పెట్టిన కంచు గిన్నెలు ఉండేవట. ఇంటింటా స్టీలు మోజు వచ్చిన రోజుల్లో అవన్నీ తూకానికి వెళ్ళిపోయాయి. దానికి కుటుంబ సమావేశం పెట్టలేదు. ఎవరూ వారసత్వం అనలేదు. గ్రైండరు వచ్చాక రుబ్బురోలు పెరట్లో బోర్లా పడింది. దాన్నీ ఎవరూ జ్ఞాపకం అనలేదు. ఆడవాళ్ళ చేతిలో అరిగిన వస్తువు సామాను, మగవాళ్ళు సరదాకి కొనుక్కున్న వస్తువు సంపద. ఈ లెక్క ఏ ఇంట్లోనూ పైకి ఎవరూ అనరు, కానీ అన్ని ఇళ్ళలోనూ నడుస్తుంది. మావయ్యగారి మీద నాకు కోపం లేదు. ఆయన నిజంగా పాట తెలిసిన మనిషి. నా పేచీ ఈ లెక్కతోనే.

అలాగని నేను పారేసే పార్టీ కాదు. "అన్నీ ఫోన్లో ఉన్నాయి" అన్న మాట సగమే నిజం. ఆ రెండో సగం తెలియకుండా రికార్డుల మీద చెయ్యి వేయకూడదు.

78 రికార్డు ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసింది. లాడ్ బజారు గాజులకీ, ఏటికొప్పాక బొమ్మలకీ వాడే లక్కే, దాంట్లో రాతిపొడి లాంటివి కలిపి అచ్చు పోస్తారు. అందుకే అంత బరువు, కిందపడితే అప్పడంలా పగలడం. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. రంగస్థలం మీద ఒక్క పద్యాన్ని రాగం తీసి, వన్స్‌మోర్లు కొట్టించుకుని, ఎంతసేపైనా పాడే నటులు ఆ మూడు నిమిషాల్లోకి ఒదిగి పాడారు. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివారి గొంతు మనకు ఈ మాత్రమైనా మిగిలిందంటే ఈ లక్క పళ్ళేల వల్లే. ఆ తరం నాటకాల వాళ్ళలో చాలామందికి సినిమా లేదు, టేపు లేదు. రికార్డు పోతే గొంతు పోయినట్టే.

ఎల్పీల కథ వేరు. 1948లో అమెరికాలో మొదలైన ఈ వినైల్ రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పాడుతుంది. మన ఇళ్ళకు భక్తి సంగీతం ఇంత బాగా చేరడానికి ఇదే కారణం. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం, 1974లో ఘంటసాలగారు పోయాక విడుదలైన భగవద్గీత మా అలమరలో ఉన్నాయి, మీ పుట్టింట్లోనూ ఉండే ఉంటాయి. అవి ఇంటింటా ఉన్నాయి కాబట్టే వాటి గురించి భయం లేదు. క్యాసెట్టు, సీడీ, ఫోను, అన్ని రూపాల్లోనూ వచ్చాయి. మన ఇంట్లో కాపీ లేకపోయినంత మాత్రాన ఆ పాటకు ఏమీ కాదు.

అందుచేత "ఉంచాలా, ఇచ్చేయాలా" అని మొత్తం అలమరను ఒకే ప్రశ్న అడగడం తప్పు. ఒక్కో రికార్డునూ విడివిడిగా అడగాలి. ఇది మన ఇంట్లోనే మిగిలిందా? దీన్ని వినే మనిషి ఇంట్లో ఉన్నారా? ఈ రెండూ కాకపోతే అది జ్ఞాపకం కాదు, సామాను.

మేము అలాగే చేశాం. అమ్మాయి ప్రతి రికార్డు లేబులుకీ రెండు వైపులా ఫోనుతో ఫోటో తీసింది. లేబులు మీద పాడినవారి పేరు, కంపెనీ, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరూ పేరూ పెట్టి నెట్‌లో వెతికితే ఆ పాట ఎక్కడైనా ఎక్కించి ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. ఎల్పీల్లో సినిమా పాటలు దాదాపు అన్నీ దొరికాయి. 78ల్లో 31 మాకు ఎక్కడా దొరకలేదు. అన్నీ తాతగారి నాటక పద్యాలూ, పేరు కూడా వినని వాళ్ళ పాటలూ. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరూ చూసి మురిసింది రంగురంగుల అట్టలున్న ఎల్పీలను. అసలైన సొత్తు మాత్రం కాకి రంగు కాగితం కవర్లలో, అడుగు అరలో పడి ఉంది.

ఈ లోగా ఎవరికీ తట్టని పని ఒకటి చేశాను. అత్తయ్యగారిని అడిగాను. ఆవిడకు 78 ఏళ్ళు. రెండు నెలలుగా ఈ చర్చంతా ఆవిడ ముందే జరిగింది. నాన్న జ్ఞాపకం అంటూ కొడుకులిద్దరూ మాట్లాడారు గానీ, ఆ నాన్నతో యాభై ఏళ్ళు పైగా కాపురం చేసిన మనిషిని ఒక్కరూ అడగలేదు.

"ఏముందమ్మా, ఆయన వినేవారు, నేను వంటింట్లోంచి వినేదాన్ని. సూది మార్చడం కూడా నన్ను చేయనిచ్చేవారు కాదు, గీతలు పడతాయని. పుష్పవిలాపం ఒక్కటి నాకు ఉంచండి. తక్కినవి మీ ఇష్టం. కొత్తింట్లో ఆ అలమర మాత్రం కిటికీ దగ్గర పెట్టకండి. అక్కడ నాకు కుర్చీ వేయండి. ఈ ఇంట్లో వీధిలోకి చూడాలంటే గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది" అన్నారు.

ఆ మాట విన్నాక మావారు ఇంకేమీ అనలేదు. సాయంత్రం టేపు తీసుకుని అద్దె ఇంటి కిటికీ పక్క జాగా కొలిచి వచ్చారు.

చివరికి లెక్క ఇలా తేలింది. పగిలినవి, బీటలు వారినవి 19. వాటిని మనసు రాయి చేసుకుని తీసేశాం. ఎక్కడా దొరకని 31లో పగుళ్ళు లేనివి 27. పాత రికార్డుల్ని శ్రద్ధగా డిజిటల్ చేసే ఒక పెద్దాయనకు వాటిని అప్పగించాం. పాటల కాపీ మాకు ఇవ్వాలి, నలుగురికీ వినిపించాలి అన్నదే షరతు. ఇంట్లో ఒక్కొక్కరు పది చొప్పున తమకు కావలసినవి ఎంచుకున్నారు. ఎంచుకున్నవాళ్ళే వాటిని తుడవాలి, ఇది నా షరతు. ఆ షరతు పెట్టగానే మావారి పది ఆరయ్యాయి. మరిది వాట్సాప్‌లో ఫోటోలు చూసి నాలుగు అడిగాడు. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్తానన్నాడు. నాలుగంటే నాలుగే, కానీ అవి నిజంగా అతనివి. మిగిలినవి రికార్డు ప్లేయరు ఉండి వినే అలవాటున్న ఇద్దరికి ఇచ్చాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి అలమర ఉంటే కొన్ని సంగతులు చెప్తాను. పాత రికార్డులంటే లక్షలు పలుకుతాయని ఎవరో అనగా విని ఆశ పెట్టుకోకండి. ఎక్కువ అచ్చయిన సినిమా ఎల్పీలకు పెద్ద ధర రాదు. అరుదైనదై, గీతలు లేకుండా, అట్ట చిరగకుండా ఉంటేనే విలువ. అలాగని మొదట వచ్చిన వ్యాపారికి గుత్తంగా అప్పజెప్పకండి. అతను మంచివి నాలుగు ఏరుకుని మిగతావి కాటాకి వేస్తాడు. 78 రికార్డును స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడవకండి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఎల్పీలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి, ఎండ తగిలితే వంకర్లు పోతాయి. ఎల్పీని పాత కీ గ్రామఫోను మీద ఎప్పుడూ పెట్టకండి, ఆ స్టీలు సూది బరువుకు గాడి చెడిపోతుంది. ఇచ్చేసేముందు అట్టల మీద చేతిరాతలుంటే ఫోటోలు తీసుకోండి. మావయ్యగారు ప్రతి అట్ట వెనకా కొన్న తేదీ, ఊరు రాసుకున్నారు. ఆయన ఏ ఏడు ఏ ఊళ్ళో పనిచేశారో ఆ అట్టలు చూసి చెప్పొచ్చు. మాకు మిగలాల్సిన జ్ఞాపకం అదే, దానికి అర సరిపోదన్న బెంగ లేదు.

నన్నడిగితే పెద్దవాళ్ళ వస్తువుల్ని దాచడమే గౌరవం, ఇచ్చేయడం అగౌరవం అనుకోవడం సరి కాదు. తలుపు వేసిన అలమరలో నాలుగేళ్ళు పాట లేకుండా పడి ఉండటం కంటే, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఆదివారం పొద్దున్న తిరగడం ఆ రికార్డుకు ఎక్కువ గౌరవం. పాట కోసం కొన్న మనిషి కూడా అదే కోరుకుంటారు. అయితే ఆ నిర్ణయం ఫోనులో ఉన్నవాళ్ళదో, గొంతు పెద్దదైనవాళ్ళదో కాకూడదు. ఆ వస్తువు పక్కన బతికినవాళ్ళను ముందు అడగాలి, దాన్ని ఇన్నేళ్ళూ తుడిచినవాళ్ళను తర్వాత అడగాలి. వారసత్వం అనే మాట ఆ తర్వాత.

మీ ఇంట్లో అది రికార్డులు కాకపోవచ్చు. బౌండు చేయించిన వారపత్రికలో, పాత రేడియోలో, మామగారి చేతికర్రల బుట్టో కావచ్చు. "ఇది ఎవరిది?" అని అందరూ అడుగుతారు. "దీని పని ఎవరిది?" అని మీరు అడగండి. సగం చర్చ అక్కడే తేలిపోతుంది.