ఓటుంది... అందదు!

బహ్రెయిన్‌లో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయంటే మహూజ్‌లో ఉండేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్ల పక్కన అభ్యర్థుల నిలువెత్తు ఫొటోలు లేస్తాయి. చీకటి పడగానే ప్రచార గుడారాల్లో లైట్లు వెలుగుతాయి. మనవాళ్ళు ఆ దారి వెంటే డ్యూటీ బస్సుల్లో సైటుకు పోతారు, క్యాంపుకు వస్తారు. అడిగితే చాలామంది నోట వచ్చే మాట ఒక్కటే: "మనకు ఓటూ లేదు, గీటూ లేదు. మనకెందుకన్నా అవన్నీ?" ఓటు లేదన్నది నిజమే. మనకెందుకు అన్నది మాత్రం నిజం కాదు.

ముందు ఈ ఎన్నికలేమిటో తెలుసుకుందాం. ఇక్కడి పార్లమెంటులో రెండు సభలు. ప్రతినిధుల సభలోని 40 మందిని జనం ఓట్లతో ఎన్నుకుంటారు. షూరా అనే రెండో సభలోని 40 మందిని రాజు నియమిస్తారు. 1973లో తొలిసారి ఇక్కడ జాతీయ సభకు ఎన్నికలు జరిగాయి. అప్పుడు ఓటు మగవాళ్ళకే. రెండేళ్ళు తిరక్కుండానే, 1975లో ఆ సభ రద్దయింది. మళ్ళీ పార్లమెంటు ఎన్నికలు చూడటానికి ఈ దేశం 2002 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆడవాళ్ళూ ఓటేశారు, పోటీ కూడా చేశారు. 2006లో లతీఫా అల్ ఖవూద్ పోటీ లేకుండా గెలిచారు. 2018 ఎన్నికల తర్వాత ఫౌజియా జైనల్ స్పీకర్ అయ్యారు. 2022 నవంబర్ 12న జరిగిన ఎన్నికల్లో 73 శాతం పోలింగ్ జరిగిందని ప్రభుత్వం ప్రకటించింది. రెండో విడత కూడా ముగిసేసరికి 8 మంది మహిళలు గెలిచారు. నాలుగేళ్ళ లెక్కన చూస్తే దాని తర్వాతి గడువు 2026.

అంతా సాఫీగా నడిచిందని కాదు. 2010లో 18 సీట్లు గెలిచిన అల్ వెఫాక్ 2011 గొడవల్లో సభ నుంచి తప్పుకుంది. 2014 ఎన్నికలను బహిష్కరించింది. 2016లో కోర్టు ఆ సంస్థను రద్దు చేసింది. రద్దయిన సంస్థలవాళ్ళు పోటీ చేయకుండా 2018లో చట్టం వచ్చింది. దీని మీద ఈ దేశస్థుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అది వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి. మనం చూడాల్సింది వేరే ఉంది.

2020 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవిలో ఉన్నది 15 లక్షల మంది. అందులో సగానికి పైగా మనలాంటి విదేశీయులే. ఓటర్లు మాత్రం 2022లో మూడున్నర లక్షల లోపే. అంటే ఆ కొద్దిమంది ఎన్నుకున్న సభ చేసే చట్టాల కిందే మిగతావాళ్ళందరూ బతుకుతున్నారు. మన పర్మిట్లు చూసే ఎల్ఎంఆర్ఏ పుట్టింది 2006 నాటి చట్టంతో. పని గంటలు, సెలవులు, నోటీసు, ఇండెమ్నిటీ అన్నీ 2012లో వచ్చిన 36వ నంబరు కార్మిక చట్టంలోవే. దాని ప్రకారం మొదటి మూడేళ్ళకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం మనకు రావాలి. 2024 మార్చి నుంచి కంపెనీలు ఆ డబ్బును నెలనెలా సామాజిక బీమా సంస్థకు కట్టాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మొదటి మూడేళ్ళు జీతంలో 4.2 శాతం, తర్వాత 8.4 శాతం. కంపెనీ మూసుకుపోతే ఇండెమ్నిటీ ఎగిరిపోతుందన్న పాత భయం దీనితో కొంత తగ్గింది.

ఇచ్చేది ఒక్కటే కాదు, తీసుకునేదీ ఉంది. 2022 జనవరి నుంచి వ్యాట్ 5 శాతం కాస్తా 10 అయింది. దానికి చేయెత్తింది ఈ పార్లమెంటే. 2024 ఆరంభంలో, విదేశీయులు ఇంటికి పంపే డబ్బు మీద 2 శాతం పన్ను వేయాలని ప్రతినిధుల సభ తీర్మానించింది. రెండో సభ కూడా దాటాలి కాబట్టి అది అంతటితోనే చట్టమైపోలేదు. కానీ నెలకు 120 దీనార్లు తెచ్చుకుని, అందులో 100 ఇంటికి పంపేవాడికి రెండు దీనార్లంటే సగం రోజు కూలి. అలాంటి మాట సభలో లేచినప్పుడు ఎదురు చెప్పమని మనం అడగగలిగే ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ ఇక్కడ లేడు. పరాయి దేశంలో పౌరసత్వం లేనివాడికి పార్లమెంటు ఓటు ఉండకపోవడం లోకమంతా ఉన్నదే. దాని మీద మనకు ఫిర్యాదు లేదు. ఊరేగింపుల్లో, రాజకీయ సభల్లో విదేశీయులు పాల్గొనడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. కాబట్టి గుడారాల దగ్గర గుమిగూడటం, ఫోన్లో వచ్చిన రాజకీయ వీడియోలు పదిమందికి పంపడం వంటివి మనవాళ్ళు మానుకోవాలి. సరదాకి చేసిన పని కొలువు మీదికి తెస్తుంది.

అసలు మాటకు వద్దాం. ఈ ఎన్నికల్లో మనం గమనించాల్సిన ముచ్చట ఒకటుంది. 2022లో ఇక్కడ పోలింగ్ 12న అయితే, నాలుగు రోజుల ముందే, 8వ తేదీన, విదేశాల్లో ఉన్న బహ్రెయినీలు ఓటేశారు. ఎక్కడ? ఆయా దేశాల్లోని తమ ఎంబసీల్లో. చదువుకని పోయినవాడు, కొలువుకని పోయినవాడు ఓటు కోసం విమానం ఎక్కనక్కర్లేదు. ఇంత చిన్న దేశం తన మనిషి ఎక్కడున్నా పెట్టెను అతని దగ్గరికి తీసుకుపోతోంది. మనతో పాటు ఇదే సైట్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళకు 2003లోనే దీనికి చట్టం వచ్చింది. 2004 నుంచి వాళ్ళు విదేశాల్లో ఉండే ఓటేస్తున్నారు. 2025లో చాలా దేశాల్లోని వాళ్ళకు ఇంటర్నెట్ ఓటు కూడా ఇచ్చారు.

మరి లోకంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యం అని చెప్పుకునే మన దేశం? 2010లో చట్టం సవరించి, 2011 నుంచి ప్రవాసులకు ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకునే హక్కు ఇచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి ఒక మెలిక పెట్టింది: పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూత్‌లో నిలబడాలి. 2024 మే 13న తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్. జగిత్యాలవాడైనా, కడపవాడైనా ఆ ఒక్క రోజు కోసం సెలవు అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి, రానూపోనూ టికెట్ కొనాలి. చిన్న జీతగాడికి అది నెల జీతం పెట్టు. ఇక్కడ ఓటు లేదు, అక్కడి ఓటు అందదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

దీన్ని సరిచేసే ప్రయత్నాలు జరగలేదా అంటే, జరిగాయి. అబుదాబిలో ఉండే మలయాళీ డాక్టరు శంషీర్ వయలిల్ 2014లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మన బదులు ఇంకొకరు ఓటేసే ప్రాక్సీ పద్ధతికి 2018 ఆగస్టులో లోక్‌సభ ఒప్పుకుంది. కానీ రాజ్యసభ దాటకుండానే 2019లో ఆ బిల్లు మురిగిపోయింది. సైనికులకు ఇస్తున్నట్టే ఎలక్ట్రానిక్ పద్ధతిలో పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చని 2020 నవంబర్‌లో ఎన్నికల సంఘమే కేంద్రానికి రాసింది. ఆ తర్వాత వచ్చిన 2024 లోక్‌సభ ఎన్నికల్లోనూ మనకు టికెట్ కొనుక్కోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఇక్కడ ప్రభుత్వాల్నే తిట్టి ఊరుకుంటే సరిపోదు. మన లెక్క కూడా చూసుకోవాలి. 2024 ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374. అందులో ఒక్క కేరళవాళ్ళే 89,839. మన రెండు రాష్ట్రాలూ సహా మిగతా దేశమంతా కలిపితే 29,535. వెళ్ళి ఓటేసినవాళ్ళు మొత్తం 2,958 మంది, అందులో 2,670 మంది కేరళవాళ్ళు. అంటే మిగతా దేశమంతటి నుంచీ 288 మంది! మలయాళీలకు మాత్రం టికెట్లు ఊరికే వస్తాయా? రావు. గల్ఫ్ నుంచి విమానాలు మాట్లాడుకుని మరీ వెళ్ళిన సంఘాలు వాళ్ళకున్నాయి. వెళ్ళలేనివాడు కూడా జాబితాలో పేరు పెట్టుకున్నాడు. తమ నాయకుల ముందు పెట్టడానికి వాళ్ళ చేతిలో అంకె ఉంది. మన చేతిలో వినతిపత్రం ఉంది.

మన ఇళ్ళలోవాళ్ళ ఓటుకున్న బలమేమిటో చూశాం కదా. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి అయిదు లక్షలు ఇవ్వాలని ఏళ్ళ తరబడి అడిగితే, 2023 ఎన్నికల్లో అది హామీగా మారింది. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. అది అక్కడున్న అమ్మల, అక్కల, భార్యల ఓట్లను చూసి వచ్చిన జీవోనే అని మా నమ్మకం. చచ్చినవాడికి దక్కిన లెక్క బతికున్నవాడికి కూడా దక్కాలంటే బతికున్నవాడి పేరు జాబితాలో కనబడాలి.

దానికి పెద్ద పనేమీ లేదు. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో ఫారం 6ఏ ఉంటుంది. 18 ఏళ్ళు నిండి, భారత పాస్‌పోర్టు ఉండి, వేరే దేశ పౌరసత్వం తీసుకోనివాళ్ళు ఎవరైనా నింపవచ్చు. ఫొటో, పాస్‌పోర్టు పేజీలు, వీసా పేజీ కావాలి. ఫీజు లేదు, ఏజెంటు అక్కర్లేదు. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా ప్రకారం ఆ నియోజకవర్గంలోనే పేరు ఎక్కుతుంది. విచారణకు అధికారి ఇంటికి వస్తాడు కాబట్టి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచాలి. పాత ఓటరు కార్డు ఉంటే అది అప్పగించాలి, రెండు చోట్ల పేరు ఉండటం నేరం. శుక్రవారం సెలవు రోజున ఫోన్ వాడటం తెలిసిన కుర్రాడు రూములో నలుగురికి నింపి పెడితే సరి. మన తెలుగు సంఘాలు పండగ కార్యక్రమాల్లో ఒక బల్ల వేసి ఈ పని చేస్తే అంతకన్నా సేవ లేదు.

ఓటేయడానికి వెళ్ళలేనప్పుడు పేరు ఎందుకని కొందరు అంటారు. పేర్లు వేలల్లో ఉంటే ఎంబసీలో పెట్టె పెట్టడం కష్టమని ఢిల్లీ అంటుంది, లక్షల్లో ఉంటే పెట్టక తప్పదు. బహ్రెయిన్ తన మనుషుల కోసం చేస్తున్న పనినే మన దేశాన్ని మన కోసం చేయమంటున్నాం. ఇక్కడి ఎన్నికల ఫొటోలు మళ్ళీ రోడ్డెక్కినప్పుడు "మనకెందుకు" అనడం ఆపి, అదే రాత్రి ఫారం 6ఏ తెరవండి.