పేరు ఒకటే, మనుషులు ఇద్దరు

వర్ని బజారులో నిలబడి 'మహబూబ్ భాయ్' అని కేక వేస్తే కనీసం ముగ్గురు తిరిగి చూస్తారు. పిలిచింది ఎవరినో వారికే అర్థమవుతుంది; మిగిలిన ఇద్దరూ నవ్వి తమ పనిలో పడతారు. అదే పేరు కాగితం మీదికి ఎక్కితే వ్యవహారం అంత తేలికగా తెగదు. ఉర్దూలో చెప్పిన పేరును గుమాస్తా తెలుగులో విని ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కిస్తాడు. అందువల్ల ఒకే మనిషి ఆధార్‌లో 'మహమ్మద్', రేషన్ కార్డులో 'ఎండీ', బ్యాంకు పుస్తకంలో 'మొహమ్మద్' అవుతాడు. పైగా మన కుటుంబాలలో చాలావాటికి ఇంటిపేరు వాడుక లేదు. షేక్, సయ్యద్, బేగం, బీ అనేవి వేలాది మందికి ఉమ్మడి సొత్తు. ఒక మనిషి ఇద్దరుగా కనిపించడానికీ, ఇద్దరు ఒక్కరుగా కనిపించడానికీ ఇంతకంటే అనువైన చోటు ఉండదేమో!

ఇది నవ్వుకుని వదిలివేసే సంగతి కాదు. మన రాష్ట్రంలో 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ ఉన్నది. వేర్వేరు ప్రభుత్వ శాఖల వద్దనున్న వివరాలను అది ఒకచోట చేర్చి, ఈ జాబితాలోని మనిషీ ఆ జాబితాలోని మనిషీ ఒకరేనని జత కలుపుతుంది. సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో, ఎవరు కారో తేల్చడానికి అధికారులు దానిని వాడుతారు. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒకాయన కుటుంబానికి రేషన్ అందకుండా పోయింది. ఆయనకు కారు ఉన్నదని ఆ వ్యవస్థ చెప్పడమే కారణం. కారు ఉన్నది మరొకరికి. పేరులో మాత్రం పోలిక ఉన్నది. భర్త మరణించిన తరువాత ఆ తప్పును సరిచేయించుకోవడానికి ఆయన భార్య న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2024 జనవరిలో పాత్రికేయులు ఈ ఉదంతాన్ని లోకానికి తెలియజేశారు.

2014 నుండి 2019 వరకు తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. వాటిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాది జులై నాటికి సుమారు 2,05,000 అర్జీలు చూడగా, అందులో 15,471 అర్హమైనవేనని తేలింది. నూటికి ఏడెనిమిది ఇళ్ళు!

పండుగకు వర్ని వచ్చిన ఒక యువకునితో ఈ మాట ఎత్తాము. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నమాజు తప్పనివాడు, మంచివాడు. "నూటికి తొంభై రెండు సరిగ్గా కలిస్తే మా పనిలో బాగానే ఉన్నట్టు చాచా. మాకు తెర మీద వరుసలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు" అన్నాడు. అతడు దాచకుండా నిజమే చెప్పాడు. మమ్మల్ని కలవరపరచింది కూడా అదే.

నిజానికి ఈ పేర్ల చిక్కు మన విద్వాంసులకు కొత్త కాదు. హదీసు ఉల్లేఖకులలో ఒకే పేరువారు ఎందరో ఉన్నారు. క్రీ.శ. 1071లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ, పేరు ఒకటైనా మనుషులు వేరైన ఉల్లేఖకుల గురించి ఒక గ్రంథం రాశారు. ఒకరిని ఇద్దరుగా, ఇద్దరిని ఒకరుగా భావించిన పొరపాట్ల గురించి మరొక గ్రంథమే రాశారు. ఇమామ్ బుఖారీ అంతటివారి పొరపాట్లనూ అందులో మొహమాటం లేకుండా పరిశీలించారు. తండ్రి పేరు, ఊరు, కాలం, ఎవరి వద్ద విన్నాడు, ఎవరికి వినిపించాడు, ఇవన్నీ చూడనిదే మనిషిని గుర్తించినట్టు కాదని ఆ విద్య నియమం. వార్తను విచారించకుండా చర్యకు దిగరాదన్న హుజురాత్ సూరా ఆదేశం వారికి కళ్ళ ముందు ఉండేది. కంప్యూటరు కలిపిన జత కూడా ఒక వార్తే కదా.

జాబితాలు ఉండటమే తప్పని మేము అనడం లేదు. హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా దీవాన్ అనే పట్టిక రాయించి ప్రజలకు భత్యాలు ఏర్పాటు చేశారు. పాలు మాన్పిన బిడ్డకే భత్యం అన్నది మొదటి నియమం. ఒక రాత్రి గస్తీలో ఆయనకు పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఎంతకూ ఆగకపోతే తల్లిని అడిగారు. భత్యం కోసం త్వరగా పాలు మాన్పిస్తున్నానని, తనతో మాట్లాడుతున్నది ఖలీఫా అని తెలియక ఆమె చెప్పింది. తెల్లవారిన తరువాత పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇవ్వాలని ప్రకటన వెలువడింది. ఆ నియమాన్ని ఎవరూ క్రూరత్వంతో పెట్టలేదు. అది ఒక ఇంటిలో ఏమి చేస్తున్నదో అంతవరకు ఎవరూ వెళ్ళి వినలేదు, అంతే.

అందుకే ఆ యువకునితో ఇలా అన్నాము: నీ ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఎవరి కంచం మీద పడుతుందో ముందు చూడు. ఉన్నవానికి ఒక నెల బియ్యం పొరపాటున వెళితే ఖజానాకు కొద్ది నష్టం. లేనివానికి ఒక నెల ఆగితే పొయ్యి ఆరిపోతుంది. ఈ రెండు తప్పులనూ ఒకే లెక్కలో వేయకు. జత అనుమానంగా ఉంటే 'రద్దు' అని కాక 'ఇంటికి వెళ్ళి చూడండి' అని రాయించు. పరీక్ష కోసం పెట్టుకునే నమూనా పేర్లలో మన మొహల్లా పేర్లు కూడా వేసి చూడు.

"అవన్నీ పైవాళ్ళు నిర్ణయిస్తారు చాచా."

కొంతవరకు నిజమే. కాని మీటింగులో ఆ ప్రశ్న అడగవద్దని ఎవరు ఆపారు? అతడు సమాధానం చెప్పలేదు. మేమూ ఇక పొడిగించలేదు.

మరునాడు అతణ్ణి రేషన్ దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్ళాము. బీడీలు చుట్టిచుట్టి వేలి గీతలు అరిగిపోయిన ఒక వృద్ధురాలు యంత్రం మీద వేలు పెడుతున్నారు. మూడుసార్లు పెట్టినా అది ఒప్పుకోలేదు. కొంగుతో వేలు తుడుచుకుని, తప్పు తనదే అయినట్టు డీలరు వైపు చూసి నవ్వారు. "ఇంకో వేలు పెట్టండి ఖాలా" అన్నాడు మన ఇంజనీరు. ఎడమచేతి ఉంగరపు వేలితో చివరికి కుదిరింది. బియ్యం సంచి తాను ఎత్తుకుని ఆమె వెంట ఇంటిదాకా నడిచాడు. కార్డులో తన పేరు తప్పు పడిందని ఆమె దారిలో చెప్పారట. సాయంత్రం బస్సు ఎక్కే ముందు మాకు ఫోను చేసి, ఆ పేరు ఉర్దూలో ఎలా రాస్తారని అడిగాడు.