నందికొండ బాటలో సైకిళ్లు



బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఆదివారం తెల్లవారక ముందే సైకిళ్లెక్కి, సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న నందికొండకు పోయివచ్చుచున్నారు. ‘‘ఇంట కారుండగా ఈ అవస్థ ఏమిటి?’’ అని పెద్దలు కసురుకొనుచున్నారు. సైకిలు బీదరికపు గుర్తన్న భ్రమ మనకింకను వదలలేదు. నెల్లూరు దాకా పారు పెన్న ఆ కొండలలోనే పుట్టినదని, దిగువనున్న భోగనందీశ్వరాలయము వెయ్యేండ్ల నాటిదని కారులో నిద్రపోవువానికేమి తెలియును?

భయపడవలసినది వేరొకటి కలదు. కొండపై సూర్యోదయము చూడవలెనని కార్లవారును ఆ చీకటివేళనే బళ్లారి రోడ్డుపై పరుగెత్తించుచున్నారు. సైకిలుకు ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము, తలకు హెల్మెటు లేనిదే పిల్లలను గడప దాటనీయరాదు. ఆదివారములందు ఉదయము 9 గంటల వరకు కార్లను, మోటారు సైకిళ్లను కొండ దిగువనే ఆపి, పైకి చాలినన్ని బస్సులు నడుపవలెనని కర్ణాటక ప్రభుత్వమును కోరుచున్నాను. మావంటి వృద్ధులము ఆ బస్సులోనే పోదుము. మలుపులలో పిల్లలకు దారి మిగులును.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బెంగుళూరు.