కర్మ అవకలన సమీకరణం కాదు

గతిశీల వ్యవస్థల గణితం కర్మసిద్ధాంతాన్ని నిరూపించిందనే వాదం ధార్మిక వేదికలపై వినవస్తోంది. ప్రారంభస్థితి తెలిస్తే భవిష్యత్తంతా నిర్ణీతమేనట; అదే ప్రారబ్ధమట! ఈ వాదానికి మూలం శ్రుతిభక్తియే కావచ్చు. కాని దానివల్ల గణితానికీ, ధర్మశాస్త్రానికీ కూడా అపచారమే జరుగుతున్నది.

అవకలన సమీకరణం ఒక రాశి ప్రతిక్షణం ఎంత వేగంతో మారుతున్నదో తెలుపుతుంది. నంద్యాల సమీపాన గల మహానంది కోనేటినే ఉదాహరణగా గ్రహించవచ్చు. ఊట నిరంతరం ఉబుకుతుంది. నీరు నిరంతరం పొలాలకు తరలిపోతుంది. అయినా మట్టం నిలకడగా ఉంటుంది. నీరు చలించకపోవడం దీనికి కారణం కాదు. రాకపోకలు సమానం కావడమే కారణం. మట్టం కించిత్తు పెరిగితే వెలుపలికి పోయే నీరూ పెరిగి, పూర్వస్థితి మళ్లీ సిద్ధిస్తుంది. దీనినే సుస్థిర సమతాస్థితి అంటారు. ఇందులో కర్త లేడు, సంకల్పమూ లేదు.

కర్మసిద్ధాంతానికి కర్తయే ప్రాణం. ‘చేయుము, చేయకుము’ అనే విధినిషేధాలు స్వేచ్ఛ గలవానికే వర్తిస్తాయి. కోనేటి నీటిని ఏ శాస్త్రమూ ఆజ్ఞాపించదు. తగిన నిబంధనలకు లోబడిన సమీకరణంలో ఒక ప్రారంభస్థితికి ఒకే మార్గం ఉంటుంది. జీవుని గతియూ అట్టిదే అయితే ఆగామికర్మకు అర్థమేమి? ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరే భక్తుని శరణాగతికి ప్రయోజనమేమి? హిరణ్యకశిపుని ఇంట పుట్టిన ప్రహ్లాదుడు తండ్రి ఆజ్ఞను కాదని హరిని ఆశ్రయించడంలో మహిమ ఏమి మిగులుతుంది?

కొందరు ఇక్కడ కేయాస్ సిద్ధాంతాన్ని శరణు వేడుతారు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ గణనలో 0.506127కు బదులు 0.506 అని ఇవ్వగా, కొంతకాలానికి ఫలితం పూర్తిగా భిన్నమైంది. ఆ పరిశోధనాఫలం 1963లో ప్రకటితమైంది. ‘భవిష్యత్తు అనూహ్యం గనుక జీవుడు స్వతంత్రుడు’ అని వీరు ముగిస్తారు. ఇదీ దోషమే. అక్కడ సమీకరణం నిర్ణీతమే. మానవుని కొలతే అపూర్ణం. ఫలం ఎరుగకపోవడం వేరు, కర్త స్వతంత్రుడు కావడం వేరు.

అసలు దోషం ప్రమాణసాంకర్యం. ప్రత్యక్షానుమానాలకు అందనిదే శ్రుతికి విషయమని మీమాంసకులూ వేదాంతులూ నిర్ణయించారు. శ్రుతికి లోరెంజ్ సాక్ష్యం కావాలనడం స్వతఃప్రామాణ్యాన్ని వదులుకోవడమే. రేపు ఆ గణితం సవరింపబడితే కర్మసిద్ధాంతమూ సవరింపబడాలా? ఉపమానంగా చెప్పిన మాటను నిరూపణగా చెలామణీ చేయడం తగదు.

నష్టపోయేది విద్యార్థి. నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో డిగ్రీ గణితం చదివే యువకునికి ‘ఇదంతా మనకు ముందే తెలుసు’ అని బోధిస్తే అతడు సమీకరణాన్నీ సాధించడు, ఉపనిషత్తునూ విచారించడు. భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో గ్రహాల తాత్కాలిక గతిని గణించి చూపాడు. ముందే తెలుసునని ఊరకుండలేదు. 1957లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన వి. లక్ష్మీకాంతం అవకలన అసమీకరణాలపై దీర్ఘకాలం శ్రమించి, 1969లో ఎస్. లీలతో కలిసి రెండు సంపుటాలు వెలువరించారు. పూర్వుల పట్ల గౌరవమంటే ఆ శ్రమను కొనసాగించడమే.

గణితాన్ని గణితంగా అభ్యసించాలి, శ్రుతిని శ్రుతిగా విచారించాలి. రెంటినీ కలిపి కలగాపులగం చేసినవానికి రెండూ దక్కవు.