లైసెన్సు లేని చేతికి హాస్టల్ తాళం ఇవ్వొద్దు

బత్తలపల్లె, ధర్మవరం, కదిరి ప్రాంతాల పిల్లలకు పెద్ద చదువంటే అనంతపురమే. 1916లో మొదలైన ఆర్ట్స్ కాలేజీ, 1946 నాటి ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఎదిగిన జేఎన్‌టీయూ, 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆ ఊరిని చదువుల ఊరిని చేశాయి. వాటి వెంటే ప్రైవేటు హాస్టళ్లూ పుట్టుకొచ్చాయి. నాలుగేసి మంచాలు ఇరికించిన గదుల్లో నల్లులు, బొద్దింకలు, ఎలుకలు చేరడం వింతేమీ కాదు. వాటిని చంపడానికి ఎవరిని పిలుస్తున్నారు, వాళ్లు ఏ మందు తెస్తున్నారు అన్నదే మా ఆందోళన. లైసెన్సు లేని మనిషి ఏ హాస్టల్‌లోనూ మందు కొట్టకూడదు. అలాంటివారిని పిలిచిన యజమానిని కూడా బాధ్యుణ్ని చేయాలి.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2024 ఆగస్టులో బెంగళూరులోని ఒక నర్సింగ్ విద్యార్థుల హాస్టల్‌లో ఎలుకల మందు చల్లితే 19 మంది ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఎలుకల కోసం మందు పెట్టించిన ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆసుపత్రిలో చేరారు. ఆ రెండో చోట మందు పెట్టింది పెస్ట్ కంట్రోల్ సంస్థ మనుషులే. మన పిల్లలు పైచదువులకు, ఉద్యోగాలకు వెళ్లే నగరాలే ఆ రెండూ. అక్కడ జరిగింది అనంతపురంలో జరగదని ఎవరు పూచీ ఇస్తారు?

చట్టం లేక కాదు. 1958లో కేరళలో విషం కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. పిండి బస్తాలు వచ్చిన ఓడలోనే పారథియాన్ అనే పురుగుమందునూ తెచ్చారు, అది కారి పిండిలో కలిసింది. జస్టిస్ జె.సి.షా కమిషన్ విచారణ జరిగింది. చివరికి 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. డబ్బు తీసుకుని పురుగుమందు కొట్టే ప్రతి ఒక్కరికీ 13వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. అది ఇచ్చేది వ్యవసాయ శాఖ. దరఖాస్తు చేసేవారు వ్యవసాయ పట్టభద్రులైనా, రసాయన శాస్త్రం చదివిన సైన్సు పట్టభద్రులైనా అయి ఉండాలి. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ, హాపుడ్‌లోని ధాన్య నిల్వల సంస్థ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ వంటి చోట కనీసం 15 రోజుల శిక్షణ పొందాలి.

వాస్తవంలో ఏం జరుగుతోంది? మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు చూపించి, జీఎస్టీ నంబరు చూపించి పని కానిచ్చేస్తున్నారు. ఆ కాగితాలు అంగడి పెట్టుకోవడానికి పనికొస్తాయి, పదిమంది పడుకునే గదిలో విషం చల్లడానికి పనికిరావు. రైతు తన పొలంలో, గృహస్థు తన ఇంట్లో మందు కొట్టుకోవడానికి 38వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును చూసే భుజాన పంపు ఉన్నవాడల్లా ఎక్కడైనా కొట్టొచ్చన్న అపోహ పెరిగింది. నెలనెలా డబ్బు తీసుకుని నడిపే హాస్టల్ ఎవరి సొంతిల్లూ కాదు.

మందుల సంగతి ఇంకా ఘోరం. డైక్లోర్‌వాస్ అనే పురుగుమందును 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే ఆపరేటర్లకు తప్ప అమ్మకూడదు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఆ బిళ్ల నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. పక్క గది తలుపు సందు నుంచి కూడా అది వచ్చేస్తుంది.

మన ప్రాంతంలో పట్టుపురుగులు మేపే రైతును అడగండి. పక్క చేలో మందు కొట్టారని తెలిస్తే గాలివాటు చూసుకుంటాడు, ఆ వైపు మల్బరీ ఆకును కోయడు. ఏమరుపాటుగా ఉంటే షెడ్డులో పురుగులన్నీ ఒక్కరోజులో పోతాయని అతనికి తెలుసు. పురుగుల షెడ్డుకు ఉన్న ఆ జాగ్రత్త పిల్లల గదికి లేకపోవడం మనకు సిగ్గుచేటు. పొద్దున మందు కొట్టి సాయంత్రానికి మంచాలు అప్పగిస్తున్నారు. ఏం కొట్టారో పిల్లలకు చెప్పేవాళ్లు ఉండరు. నీటి ఎద్దడి ఊళ్లు కాబట్టి వరండాలోనో గది మూలనో డ్రమ్ముల్లో నీళ్లు నింపి ఉంటాయి. వాటి మీద మూత కూడా వేయరు.

మందు కొట్టే కుర్రాడి ప్రాణం గురించీ మాట్లాడాలి. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు ఇవ్వాలని, పనిలోకి తీసుకునే ముందు వైద్య పరీక్ష చేయించాలని, ఆర్గానోఫాస్ఫరస్ మందులు వాడేవారి రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము స్థాయిని నెలనెలా చూడాలని నిబంధనలున్నాయి. దినకూలికి వచ్చిన పిల్లవాడికి ఇవన్నీ ఎవరు చేయిస్తున్నారు? చట్టప్రకారం నడిపేవాడికి ఈ ఖర్చులన్నీ ఉంటాయి. ఏ ఖర్చూ లేనివాడు సగం ధరకు ఒప్పుకుని పని ఎగరేసుకుపోతాడు. లైసెన్సు అడగని ప్రతి హాస్టల్ యజమానీ నిజాయతీగా బతకాలనుకున్నవాడి పొట్ట కొడుతున్నాడు.

ఈ జిల్లాల్లో కెమిస్ట్రీతో బీఎస్సీ చేసి ఖాళీగా ఉన్న యువత తక్కువేం కాదు. చట్టం అడిగే అర్హత వాళ్లకు ఇప్పటికే ఉంది. ఆ 15 రోజుల శిక్షణ ఖర్చును ప్రభుత్వం భరించి, దరఖాస్తును గడువులోగా తేలిస్తే ఇది గౌరవమైన ఉపాధి అవుతుంది. చదివి వచ్చినవాడు మందు కూడా తక్కువ వాడతాడు. నల్లులు చాలా మందులకు మొండిబారాయని, మోతాదు పెంచితే పురుగుకన్నా ముందు మనిషికే చేటని అతనికి తెలుసు. ఎండకు కొరత లేని సీమ మనది. పరుపులు మిద్దె మీద ఎండబెట్టించడం, మంచం సందుల్లో మరిగే నీళ్లు పోయించడం, గోడ పగుళ్లు పూడ్పించడం ముందు చేసి, మందును చివర్లో తీస్తాడు. దోమలకైతే పొగకన్నా ముందు నీళ్ల డ్రమ్ముకు మూత వేయిస్తాడు.

వ్యవసాయ శాఖ తనిఖీలు విత్తనాల, ఎరువుల అంగళ్ల దగ్గరే ఆగిపోకూడదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లు లైసెన్సున్న ఆపరేటర్ల జాబితాను కాలేజీలు తెరిచేలోగా ప్రకటించాలి. విశ్వవిద్యాలయాలు తమ హాస్టళ్లలో ముందుగా ఈ నియమం అమలు చేసి చూపాలి. మందు కొట్టడానికి ఒకరోజు ముందు పిల్లలకు తెలియజేయాలి. మందు పేరు, మళ్లీ గదిలోకి వెళ్లదగిన సమయం తలుపు మీద తెలుగులో అతికించాలి. తల్లిదండ్రులారా, ఫీజు కట్టే రోజే వార్డెన్‌ను అడగండి: ఇక్కడ మందు కొట్టేదెవరు, వాళ్ల లైసెన్సు ఎక్కడ? చూపించకపోతే పిల్లల్ని ఆ హాస్టల్‌లో చేర్చకండి.